సంచి లేని విగ్రహం

"తలుపేసుకొని కట్టు సమతా. వచ్చేపోయేటోళ్లు చూస్తరు," అన్నాడు బాల్‌రాజ్ బావ ఈ రోజు పొద్దున కూడా. బావంటే నా భర్త రంజిత్‌కి అన్న. అత్తమ్మ కాలికి షుగర్ పుండు పడి రెండేళ్లు దాటింది. రోజూ వెనక గదిలో ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు మారుస్తాను. ఈ పని నాకు నేర్పింది రంజిత్. సరిహద్దు నుంచి వీడియో కాల్‌లో, సిగ్నల్ పోతూ వస్తూ ఉంటే నేర్పాడు. "గుంజకు. ముందుగాల సెలైన్‌తోని తడుపు. నానినంక అదే ఊడొస్తది. పుండు దిక్కు కాదు, జర అవ్వ మొహం దిక్కు చూసుకుంట చెయ్యి." ఆర్మీలో ఆయన నర్సింగ్ అసిస్టెంట్. దెబ్బ తగిలిన జవాన్లకు కట్లు కట్టడం, వాళ్లను మోసుకురావడం ఆయన ఉద్యోగం.

ఆ ఉద్యోగం పేరు మా ఇంట్లో ఎవరూ నోరారా పలికింది లేదు. పెళ్లిచూపుల్లో కూడా "మిల్ట్రీ" అని ఊరుకున్నారు. ఒకసారి చేవెళ్లలో ఓ పెళ్లికి పోతే చుట్టాలాయన "బార్డర్‌ల ఏం పనిరా నీది?" అని అడిగాడు. రంజిత్ నోరు తెరిచేలోపే బావ "ఫైరింగ్‌ల ఉంటడు" అని అందుకున్నాడు. రంజిత్ నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

పోయిన వేసవిలో సరిహద్దు మీద గుండ్లు పడ్డాయి. దెబ్బతిన్న జవాను కాలికి ఆయన కట్టు బిగిస్తుండగా ఇంకో గుండు వచ్చి పక్కనే పడిందట. శవపేటికతో పాటు వచ్చిన స్నేహితుడు హిందీలో చెప్పాడు. ఆ జవాను బతికాడట. కట్టు అంత గట్టిగా కట్టాడు కాబట్టే బతికాడట.

ఏడాది తిరిగేసరికి ఊరి కమాన్ దగ్గర, మొయినాబాద్ పోయే రోడ్డు మీద విగ్రహం పెడదామన్నాడు బావ. ఆయనకు సర్పంచ్ కావాలని ఉంది. అది తెలిసి కూడా నేను సంతోషపడ్డాను. ఒక్కటే అడిగాను.

"భుజానికి మందుల సంచి పెట్టియ్యుండ్రి బావా. ఆయన మోసింది అదే."

"సంచేందమ్మా, పోస్ట్‌మన్ లెక్క! తుపాకి లేకుంటే సిపాయి అని ఎవడంటడు? కట్లు కట్టుడు ఆడోళ్ల పని అంటరు జనం. మన ఇజ్జత్ ఏంగావాలె?"

పోనీ శంకర్‌పల్లి రోడ్డులో విగ్రహాలు చేసే షెడ్డుకైనా నన్ను తీసుకుపొమ్మన్నాను. "నువ్వొస్తే అవ్వకు కట్టు ఎవరు కడ్తరు?" అన్నాడు.

ఆ రోజు అత్తమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పుతుంటే రంజిత్ గుర్తొచ్చాడు. చీము తుడవడం, మంట పెడుతుంటే ఓర్చుకోమని బతిమాలడం, ఆయనా నేనూ చేసింది ఒకే పని. ఆ పనిలో ఆయన ప్రాణం పోతే వీరుడన్నారు, ఆ పనేమిటో చెప్పడానికి మాత్రం సిగ్గుపడ్డారు. నేను చేస్తే దానికి పేరే లేదు, కోడలన్నాక చెయ్యాల్సిందే. అదీ తలుపు చాటున. ఇప్పుడు ఆయన్ని కూడా ఆ తలుపు చాటుకే నెట్టేసి, చేతిలో తుపాకి పెడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను? లేచి వంట చేశాను.

ఈ రోజు విగ్రహం మీది ముసుగు తీశారు. ఆయనకెప్పుడూ లేని బుర్రమీసాలు, చేవెళ్ల బస్సుల మీదికి గురిపెట్టిన తుపాకి. శత్రువులను చీల్చి చెండాడాడని ఒక నాయకుడు గొంతు చించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బావ నాకు మైకిచ్చి, "జై జవాన్ అను, చాలు" అన్నాడు.

"మా ఆయన ఎవ్వరిని చంపలేదు," అన్నాను. "దెబ్బ తాకినోళ్లను బతికిచ్చిండు."

దానికీ చప్పట్లు కొట్టారు. ఇందాక ఎలా కొట్టారో అలాగే. "పాపం, దుఃఖంల ఉన్నది," అంటూ బావ మైకు తీసేసుకున్నాడు. ఇంకేం చెయ్యను? నేను పోయాక కూడా ఆ తుపాకి అక్కడే ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి హాలు నిండా నాయకులు. "సమతా, చాయ్!" అన్నాడు బావ. చాయ్ ఇచ్చి వెనక గదిలోకి పోయాను. అంత దూరం నడవలేక అత్తమ్మ విగ్రహం దగ్గరికి రాలేదు.

"సంచి పెట్టిన్రా బిడ్డా?"

"లేదత్తమ్మా. తుపాకి పెట్టిన్రు."

ఆమె గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున కట్టిన కట్టు తడిసిపోయి ఉంది. నేను తలుపు వైపు పోయి, వేయకుండా వెనక్కి వచ్చాను.

"లేవుండ్రి అత్తమ్మా. ముందటికి పోదాం."

"అందరున్నరు గద బిడ్డా."

"ఉండనీండ్రి."

భుజం పట్టి నడిపించుకొచ్చి హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాను. కింద కూర్చుని పాదం ఒళ్లోకి తీసుకున్నాను. కట్టు మీద సెలైన్ పోస్తుంటే పుండు వాసన లేచింది. చాయ్ కప్పులు ఎక్కడివక్కడ ఆగాయి. ఒకాయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిది సమతా? లోపటికి తీస్కపో," బావ పళ్లు కొరికాడు.

నేను అత్తమ్మ మొహం వైపే చూస్తూ, కట్టు నానేదాకా ఆగాను.

"మీ తమ్ముడు ఏం పని చేస్తుండెనో చూపిస్తున్న బావా. మైకుల చెప్తే ఎవ్వరికి ఇనవడలే."