ఇంటి ముందు మట్టి

"అబ్బబ్బ, మళ్ళీ ఆకులు మొక్కల మొదట్లోకే తోస్తున్నావా? ఎత్తి అవతల పారేయొచ్చుగా! ఇల్లులా లేదు, అడవిలా ఉంది," అన్నాడు భర్త గేటు దగ్గర నిలబడి.

ఆమె ఊడుస్తూనే ఉంది. ఎండుటాకులు కుళ్ళితే మట్టికి బలమని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. మొక్కల ఆకులకున్న చిల్లులు సీతాకోకచిలుకలు కాబోయే పురుగులు పెట్టినవని, వాటిని తిననిస్తేనే రెక్కలొస్తాయని కూడా ఒకసారి చెప్పింది. "పురుగుల్ని పెంచుతోందమ్మా నీ కోడలు!" అని వాళ్ళమ్మతో చెప్పి పడీ పడీ నవ్వాడాయన.

ఆయనగారికి అభిరుచి ఎక్కువ. ఆ మాట అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కర్టెన్లు, సోఫా, గోడల రంగు, చివరికి వంటింట్లో అరల ఎత్తు కూడా ఆయన ఎంపికే. ఆ అరలు ఆమెకు అందవు. స్టూలెక్కి డబ్బాలు దించుకుంటుంది. మనిషి చెడ్డవాడేం కాదు. "ఎలా ఉంది?" అని ఆమెనూ అడుగుతాడు, కాకపోతే పనంతా అయిపోయాక అడుగుతాడు. ఆరిపోయిన రంగు ముందు నిలబడి ఇంకేమంటుంది పాపం, "బాగుంది" అంటుంది. "ఈ ఇల్లంతా నీదే కదా!" అంటాడాయన తృప్తిగా. ఆ ఇంట్లో ఒక్క మేకు కూడా ఆమె అడిగిన చోట లేదు.

ఇంటి ముందు ఈ జానెడు నేల మాత్రం ఎవరికీ అక్కర్లేక మిగిలింది. ఇల్లు కట్టినప్పుడు ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ఇక్కడే పారేశారు. గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, ఆఫీసుకు పరుగెత్తేలోపు దొరికిన కాస్త సమయంలో వాటన్నిటినీ ఏరింది. కూరగాయలు కడిగిన నీళ్ళు మోసి పోసింది. బంతి పూసింది, పుదీనా అల్లుకుంది, గోడ మీదికి తీగ పాకింది. అందులో ఈ మధ్యే ఒక పిట్ట గూడు కట్టుకుంది. ఆఫీసులో ఎవరేమన్నా, ఇంట్లో ఎవరేమన్నా, సాయంత్రం ఆ మట్టిలో చేయి పెడితే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు ఆ నేల మీదా పడింది ఆయన కన్ను. ఎదురింటివాళ్ళు ముందంతా తెల్ల టైల్స్ వేయించారు మరి! ఆమె ఊడవడం ఇంకా అవనేలేదు, ఆయన పిలిచిన డిజైనర్ వచ్చి వరండాలో ల్యాప్‌టాప్ తెరిచాడు. బొమ్మలో తెల్ల టైల్స్, చుట్టూ ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో కాలు మీద కాలేసుకుని కప్పు పట్టుకున్న ఒక ఆడమనిషి.

"నీళ్ళక్కర్లేదు, ఆకు రాలదు, పురుగు రాదు," అన్నాడు డిజైనర్.

"విన్నావా? ఇదంతా నీ కోసమే. ఊడ్చే బాధ తప్పుతుంది," అన్నాడు భర్త.

"మరి దుమ్ము పడితేనో?" అందామె.

"రోజూ ఒకసారి తడిగుడ్డ పెడితే చాలండీ."

భర్త, బొమ్మ చూడ్డానికి వరండాలోకి వచ్చిన అత్తగారు, డిజైనర్ ముగ్గురూ ఆమె వైపే చూశారు. బొమ్మలో కూర్చున్న ఆ మనిషి తను కాదని ఆమెకు అప్పుడర్థమైంది. ఒళ్ళు మండింది.

డిజైనర్ టేపు కొస గేటుకు తగిలించి, తీగ ఉన్న గోడ దాకా లాక్కెళ్ళాడు. "ఇదంతా పీకించేయాలి సార్. మేడమ్, మీకేమైనా మార్పులు కావాలా?"

పని మొదలవకముందే ఆమెను ఎవరైనా అడగడం ఆ ఇంట్లో అదే మొదలు.

"ఆవిడకేం తెలీదండీ, మీరు కానివ్వండి," అన్నాడు భర్త.

"కావాలి," అందామె. "ఇక్కడ కొలవొద్దు. ఇది నాది."

నాది అన్న మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎన్నడూ వినపడలేదు. అత్తగారు ఓ క్షణం కోడలి ముఖంలోకి చూసింది. "గూట్లో పిల్లలున్నాయిరా," అంది మెల్లగా కొడుకుతో. "పొద్దున్నే నేను కూర్చునేదీ ఆ నీడనే."

భర్త తెల్లబోయాడు. అంతలోనే నవ్వేశాడు. "భలేదానివే! నీది, నాది ఏంటి? ఈ ఇల్లంతా నీదే కదా!"

ఆమె చీపురు గోడకు ఆనించి, గేటు దగ్గరికి వెళ్ళి టేపు కొస విప్పేసింది. అది సర్రుమంటూ డిజైనర్ చేతిలోని డబ్బాలోకి వెళ్ళిపోయింది.

"విన్నారుగా, ఇల్లంతా నాదేనట," అందామె అతనితో. "నాకిలాగే బాగుంది."