గ్లాసు నిండా

మా వదిన ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీదే పడిపోయింది. నుదురు చిట్లి రక్తం కారుతోంది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. మనిషిని లేపుతాడనుకున్నాం. "ముందు ఆ చొక్కాలు లాగండి, మరకలవుతాయి!" అని అరిచాడు. వాడి నోట్లో మన్నుపడ!

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళెందుకు తాగవమ్మా?" అని అడిగింది. వదిన నా మొహం చూసింది. ఏం చెప్పాలి? ఆర్డర్లు పెరగగానే మా ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో బట్టల మూటలు కుక్కి తాళం వేశారు. మగవాళ్ళది మగవాళ్ళకుంది. అందుకని మాలో కొత్తగా చేరిన వాళ్ళకి పాతవాళ్ళు చెప్పే మొదటి మాట ఇదే: "గొంతు తడుపుకో చాలు, తాగకు."

ఆ వారమే ఒక ప్రభుత్వ అధికారి వచ్చాడు. ఉత్పత్తిలో మా ప్రాంతమే మొదటిదట. ఇప్పుడు జనం ఎంత బాగున్నారో, ఆడా మగా సమానంగా ఉన్నారో లేదో కొలుస్తాడట. కొలవనీ, మంచిదే కదా! కానీ అడిగిందెవర్ని? సూపర్‌వైజర్ని.

"నీళ్ళ డ్రమ్ము ఒకటే సార్. ఆడా మగా అందరూ అందులోవే తాగుతారు. ఇంతకన్నా సమానం ఏముంటుంది?"

అధికారి తలూపి రాసుకున్నాడు. యజమానికి రేపు ఇక్కడే సన్మానమని చెప్పి వెళ్ళాడు.

భోజనాల దగ్గర మా రేడియో అక్క లేచింది. నోరు మూతపడదని ఆమెకా పేరు. "విన్నారా? మనం సుఖంగా ఉన్నామంట! రేపు వాళ్ళ ముందే కడుపునిండా నీళ్ళు తాగుదాం. తాగాక ఏమవుతుందో ఆయనే కొలుచుకుంటాడు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కటింగ్ మాస్టరైన మా అన్నయ్యకు మాత్రం ఒళ్ళు మండింది. "నీకేం, అరుస్తావ్. నా ఉద్యోగం పోతే నా పెళ్ళానికి మందులెవడు తెస్తాడు?"

"ఎన్నాళ్ళు తెస్తావు తమ్ముడూ? ఆ తలుపు తెరిపించవా?"

అన్నయ్య తింటున్న డబ్బా మూసేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు యజమాని చేతికి షీల్డు ఇస్తుండగా మా మిషన్లు ఆగాయి. అందరం డ్రమ్ము దగ్గర వరస కట్టాం. తాగాం. మళ్ళీ తాగాం. "ఏంటే ఈ తమాషా?" అంటూ సూపర్‌వైజరు గంతులేస్తుంటే వాణ్ణి పక్కకు నెట్టి మరుగుదొడ్డి వైపు నడిచాం. తాళం లాగుతున్న నన్ను ఎవరో జరిపారు. అన్నయ్య! చేతిలో ఇనప కమ్మీ ఉంది. రెండు దెబ్బలకి తాళం ఊడింది. మూటలు మోసుకెళ్ళి సన్మానం వేదిక ముందు పడేశాం.

అధికారి చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఉత్పత్తి ఆగిపోయిందమ్మా!"

రేడియో అక్క ఆయన చేతిలో గ్లాసు పెట్టింది. "ఇది తాగి, సాయంత్రం దాకా కదలకుండా మా మిషను ముందు కూర్చో. అప్పుడు రాయి, సమానమో కాదో."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. పోలీసులొచ్చి రేడియో అక్కనీ అన్నయ్యనీ వ్యానెక్కించారు. మాకు ఏడుపొచ్చింది. వ్యాన్లోంచి అక్క కసిరింది: "ఏడుస్తారేంటే? తాగిన నీళ్ళన్నీ కళ్ళమ్మట పోగొట్టుకుంటారా? తాగండి!"

ఎవరం మిషను ముట్టలేదు. డ్రమ్ముని గేటు ముందుకి ఈడ్చుకెళ్ళి దాని చుట్టూ కూర్చున్నాం. వాళ్ళిద్దర్నీ వదిలేదాకా లేచేది లేదన్నాం. ఆస్పత్రి నుంచి తలకు కట్టుతో వదిన వచ్చింది. మొదటి గ్లాసు ఆమెకిచ్చాం. సూపర్‌వైజరు కళ్ళలోకి చూస్తూ చివరి చుక్కదాకా తాగి, గ్లాసు మళ్ళీ ముంచింది.