సొన్నప్ప చావనంటాడు

నూలుకు కంట్రోలు వచ్చి కబ్బన్‌పేటలో మగ్గాలు మగ్గిపోతున్న ఏడు అది. పేక లేక నేత ఆగింది, నేత ఆగాక పేకాట మొదలైంది. ఆ పేకాట చెడగొట్టి వాళ్ళచేత నాటకం ఆడించాలనుకోవడం నా బుద్ధి తక్కువ.

ఇరవై ఏళ్ళుగా పొద్దున బడిలో పిల్లలకు తెలుగూ, సాయంత్రం ఈ పేటలో పెద్దలకు పౌరాణికాలూ నేర్పుతున్నాను. కిరీటాలు వాళ్ళు పెట్టుకుంటే తలనొప్పి నాకు. ఈసారి రామోత్సవం పందిట్లో మన బతుకును మన మాటల్లో ఆడదాం, పద్యం వద్దు అన్నాను. పద్యం వద్దంటే పథ్యం పెట్టినట్టు మొహాలు వేలాడేశారు. హార్మోనియం వాయించే చిక్కమునియప్ప పెట్టె మూసి దానిమీద చెయ్యి వేసుకు కూర్చున్నాడు, శవం పక్కన కూర్చున్నట్టు. కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. శుక్రవారానికల్లా మూడంకాలూ చావడిలో ఆడి చూపించాలి. లేకపోతే పాత పౌరాణికమే, పాత కిరీటాలే. నాకు యాభై దాటాయి. ఈసారి తప్పితే నా కొత్త నాటకాన్ని ఇంకెవరూ అడగరు.

రాసిచ్చి బట్టీ పట్టిస్తే వీళ్ళు మాటలకు కూడా రాగం తీస్తారు. అందుకని కొత్త పద్ధతి పెట్టాను. ఎవరి కథ వాళ్ళు, ఎవరి పేరుతో వాళ్ళు ఆడుకుంటూ పోవాలి. నేను పక్కన కూర్చుని రాసుకుంటాను. సొంత పేరు పెట్టి పిలిస్తే మనిషి మనిషిలా మాట్లాడతాడు. నిజంగానే మాట్లాడారు. ఆరు రోజుల్లో రెండంకాలు వాటంతట అవే పుట్టాయి. మూడోదే అంకెకు రాని అంకం.

అందులో నూలు దొరక్క, పని లేక, ముసలి నేతగాడు సొన్నప్ప చచ్చిపోతాడు. పోయేముందు ఏడు పేజీలు మాట్లాడతాడు. ఆ ఏడు పేజీలూ నేను రాసినవే. చెయ్యి ఊరుకోలేదు.

సోమవారం సాయంత్రం సొన్నప్ప ఆ మాటలన్నీ అప్పజెప్పి చాప మీద వాలాడు. పొరుగువాడి వేషం గంగప్పది. అతను నేను చెప్పినట్టే కిటికీ దగ్గరికి పోయి, వీధిలోకి, "సొన్నప్ప పోయినాడప్పో!" అని అరిచాడు. నాలుగుసార్లు గొంతు చాలలేదని నేను తిట్టాను. ఐదోసారి చాలింది.

వీధి వీధంతా చావడి ముందుకొచ్చింది. అందరికంటే ముందు సొన్నప్ప పెళ్ళాం పిల్లమ్మ, చేతులకు అంట్లు తోమే బూడిదతో. చాప మీద లేచి కూర్చున్న మొగుణ్ణి చూసి గోడకు ఆనుకుంది. 

"ఏం మేష్ట్రూ, సంపేదానికి నీకు మా ఇంటాయనే దొరికినాడా? పేరు పెట్టి అరిపించి సంపుతాండావే! ఒగ తూరి కాదంట, ఐదు తూర్లంట!"

"నాలుగు తూర్లు సరిగా రాలేదమ్మా," అన్నాను. అనకూడని మాట.

"పోయినేడు ఇదే సొన్నప్ప చచ్చి, వన్స్‌మోర్ అంటే లేచి పాడి మళ్ళీ చచ్చాడు. నువ్వు ముందు వరసలో కూర్చుని చూడలేదా?" అని సర్దబోయాను.

"అప్పుడు సచ్చింది రాక్షసుడు. ఇప్పుడు ఈయప్ప."

ఈయప్పను ఈయప్పగా ఉండమన్నవాణ్ణి నేనేగా!

ఇంతలో ఎవరో సైకిలెక్కి యలహంకలో ఉన్న సొన్నప్ప కూతురికి కబురు చెప్పనే చెప్పాడు. మంగళవారం ఆ పిల్ల ఏడ్చుకుంటూ దిగింది. ఆ రోజు నాటకం లేదు.

బుధవారం పేరు మార్చాను. గంగప్ప, "రామప్ప పోయినాడప్పో!" అన్నాడు. చాప మీద సొన్నప్ప కళ్ళు తెరిచి, "యా రామప్ప?" అన్నాడు. పేటలో రామప్పలు ముగ్గురున్నారట. ఇద్దరు అప్పుడే మెట్లెక్కి వస్తున్నారు. సరే, నా పేరు పెట్టండి అన్నాను. ఇంటికి పోయి ఆ సంగతి చెబితే మా సరోజమ్మ నాకు అన్నం వడ్డించకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

"దేవుణ్ణి దింపుదాం మేష్ట్రూ," అన్నాడు చిక్కమునియప్ప పెట్టె తెరుస్తూ. "ప్రత్యక్షమై నూలు ఇచ్చి, ఒగ పద్యం పాడి పోతాడు."

"ఏ దేవుడయ్యా, కంట్రోలు డిపో దేవుడా?"

గురువారం వచ్చింది. పిల్లమ్మ చావడి గడపలో కాపలా కూర్చుంది. తెర లేవకముందే నాకు తెరపి లేదు. చావడిలో చావు మాట ఎత్తడానికి వీల్లేదు. ఒళ్ళు మండి సొన్నప్ప మీద అరిచాను.

"చావకపోతే చివర్లో ఏం చేసి చస్తావయ్యా?"

"ఏం చేసేది మేష్ట్రూ? దినామూ చేసేదే," అన్నాడు. "నూలు లేకున్నా పొద్దున్నే పొయ్యి మగ్గంలో కూసుంటా. లేకపోతే కాళ్ళు పట్టుకుంటాయి."

"అయితే అదే చెయ్యి!"

అతను వేదిక అంచున కూర్చుని, మగ్గం గుంటలోకి దించినట్టు కాళ్ళు దించాడు. లేని కర్రలు తొక్కాడు. పేకను మోసే నాడెను, అదీ లేనిదే, కుడిచేతినుంచి ఎడమచేతికి విసిరాడు, మళ్ళీ ఇటు విసిరాడు. మూలన పేకాటవాళ్ళు ముక్కలు కింద పెట్టారు.

"ఎడమ పక్క పోగు తెగింది, చూడు," అంది గడపలోంచి పిల్లమ్మ.

ముప్పై ఏళ్ళుగా మగ్గం పక్కన కూర్చుని చెబుతున్న మాట. వచ్చేసింది, అంతే. సొన్నప్ప ఆగాడు. ఎడమకు వంగి, వెతికి, రెండు కొసలు పట్టుకున్నాడు. వేలు నాలిక మీద తడుపుకుని ముడి వేశాడు. మళ్ళీ తొక్కాడు.

చిక్కమునియప్ప చప్పుడు కాకుండా పెట్టె మూశాడు.

నా ఏడు పేజీల ఏడుపు మడిచి జేబులో పెట్టుకున్నాను. మూడో అంకం దొరికింది. మాటకు మాట అంటించి బతికే నాకు అందులో ఒక్క మాటా లేదు. ఉన్న ఒక్క మాట పిల్లమ్మది.

"రేపు తెర వెనకనుంచి నువ్వే చెప్పమ్మా," అని బతిమాలాను.

"మొగోళ్ళ నాటకంలో నేనా? సుమ్మనుండు మేష్ట్రూ."

అందుకని ఆడవేషాల వెంకటరమణ ఆ మాట నేర్చుకుంటున్నాడు. కొప్పు సవరించుకుని, చెయ్యి చాచి, "ఎడమ పక్క... పోగూ..." అని సాగదీసి ఏడుపు అందుకుంటాడు. గడపలోంచి పిల్లమ్మ నెత్తి కొట్టుకుంటుంది.

"ఏడ్సేది యాలప్పా? పోగు తెగితే ఎవురన్నా ఏడుస్తారా? కట్టుకుంటారు."

ఇప్పటికి ఇరవై రెండుసార్లు చెప్పించాను. రేపు పొద్దున పది గంటలకు కమిటీ వస్తుంది. వెంకటరమణ ఇంకా రాగం తీస్తూనే ఉన్నాడు.