అరవై కిలోలు

హసన్‌పర్తి కాలేజీలో పాఠాలు చెప్పే పద్మలత ఏడాదిన్నర కష్టపడి ఎనభై ఆరు నుంచి అరవై కిలోలకు దిగింది. అనుకున్నది సాధించిన నాటి నుంచే ఆమెకు అన్నం చూస్తే భయం పట్టుకుంది. ఆదివారం తల్లి భాగ్యమ్మ బతిమాలితే నాలుగు ముద్దలు పప్పన్నం తిన్నది. తెల్లారి బరువు మిషన్ ఎక్కితే అర కిలో పెరిగింది.

"అమ్మా, మళ్ల మొదటికే వచ్చిన! ఇగ ఆగదే!" అంటూ నేల మీద కూలబడింది.

భాగ్యమ్మ తాను మిషన్ ఎక్కి అంకె చూపించింది. చెంబెడు నీళ్లు గటగటా తాగి మళ్లీ ఎక్కింది. అర కిలో పెరిగింది.

"నీళ్లకు గూడ బరువుంటది బిడ్డా. నేను గింత జల్ది లావైననా?"

పద్మలత తల్లి పెట్టిన ఇడ్లీని చాలాసేపు చూసి, కళ్లు మూసుకుని ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. గుండె దడ మాత్రం తగ్గలేదు.