సరి సంఖ్యలకు నిలవని సిద్ధాంతం

మూడు రోజులుగా ఎవాంజెలిన్‌కు కుదురు లేదు. వెంకటాచలం దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ, సైక్లిక్ కోడ్‌ల మీద పరిశోధన చేస్తోంది. ఆ కోడ్‌లో ఒక్కో పదం ఒక అంకెల వరుస. చివరి అంకెను తెచ్చి మొదట పెట్టినా అది ఆ కోడ్‌లోని పదమే అవుతుంది. వరుసలో సున్నా కాని అంకెలు ఎన్ని ఉంటే అది దాని బరువు. ఏ బరువుకు ఎన్ని పదాలో తెలిస్తే, చెడిపోయిన సందేశాన్ని కోడ్ ఎంత బాగా దిద్దుతుందో అంచనా కట్టవచ్చు.

ఒక రకం కోడ్‌లలో మూడే బరువులుంటాయని, ఒక్కో బరువుకు ఎన్ని పదాలో చెప్పే సూత్రంతో సహా, ఇరవై ఎనిమిదేళ్ల క్రితం నిరూపించినవారు రవి కుమార్, ఎమ్మెస్సీలో ఆమె గురువు. కోడ్ పొడవును నిర్ణయించే సంఖ్యగా ఆ సూత్రంలో ఆరు వేసి చూస్తే పదాల సంఖ్య సగంతో తేలింది. సగం పదం ఎక్కడుంటుంది? కంప్యూటర్‌తో లెక్కిస్తే అయిదు బరువులు కనిపించాయి.

ఆదివారం చర్చిలో కూడా అరచేతిలో అంకెలు గీస్తుంటే తల్లి అబిగయీలు చూసింది.

"ఆ సారుకే పోయి చెప్పరాదా? ఇంట్లో తిరిగితే ఏమొస్తాది?"

మర్నాడు ఆయన ఉండే వాకాడుకు బయలుదేరింది. గూడూరులో బస్సు మారాల్సిన చోట, ఇంటికి తిరిగి పోయే నెల్లూరు బస్సు వైపు రెండుసార్లు నడిచింది.

"ఏందమ్మా, ఇంత ఎండలో వస్తివి?" అన్నారు రవి కుమార్.

కాగితాలు చేతికిచ్చింది. "సార్, మీ సిద్ధాంతం బేసి సంఖ్యలకే నిలబడతాది."

ఆయన ముఖం మారింది. "ఇన్నేళ్లలో ఎవరూ అనలా."

"అందరూ బేసి సంఖ్యలకే వాడినారు సార్."

ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. ఎవాంజెలిన్ కూర్చుంది, లేచింది, గేటు దాకా పోయి వచ్చింది. ఆయన భార్య కామమ్మ ఇచ్చిన మజ్జిగ అట్లాగే ఉండిపోయింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

రెండు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది.

"రెండో మెట్టులోనే గ.సా.భా. ఒకటి అనుకొని పోయినాను. సరి సంఖ్యకు అది రెండు గదా!" అన్నారు. "తప్పు నాదని పత్రికకు నేను రాస్తా. అయిదు బరువుల లెక్క నువ్వు నిరూపించు. నీ పేరుతోనే పంపు."

"నాకు వస్తాదో రాదో సార్."

"కూర్చో. మొదలుపెడదాం."

ఆయన దిద్దుబాటు అర పేజీ. నాలుగు నెలలకు అచ్చయింది. ఎవాంజెలిన్ నిరూపణకు ఏడాది పట్టింది. రాసింది ముందు ఆయనకే పంపింది. వారం రోజులు కబురు రాలేదు. ఎనిమిదో రోజు ఫోన్ మోగింది.

"వెతికినానమ్మా, ప్రతి మెట్టూ వెతికినాను," అన్నారాయన. "తప్పు దొరకలా."