గుమ్మంలో ఆగిన మాట

మా ఆవిడ సునంద చేతిలో పాలగిన్నెతో వంటింటి గుమ్మంలో ఆగిపోయి ఉంది. ఆగింది శ్రావణంలో. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. "ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి. నేను" అంది. ఆ 'నేను' దగ్గర నోరు తెరుచుకుని ఉండిపోయింది.

జబ్బేమీ కాదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది. ఫ్యాను వేస్తే పైటచెంగు కదులుతుంది. గిన్నెలో పాలు విరగలేదు, మీగడ కూడా కట్టలేదు. నేను పక్కనుంచి ఒదిగి వంటింట్లోకి వెళ్లి అన్నం వండుకుని, మళ్లీ ఒదిగి బయటికి వస్తుంటాను.

రోజూ సాయంత్రం సీరియల్ వేళకి అటక మీద నుంచి వయొలిన్లు మోగుతాయి. సునంద ముఖం గిర్రున నావైపు తిరుగుతుంది. వెనక్కి వెళ్లి రెండోసారి తిరుగుతుంది. మళ్లీ మూడోసారి. ఆ తర్వాత వయొలిన్లు ఆగిపోతాయి. నేను లేచి కంచం కడుక్కుంటాను.

ఇది నా చదువే అని నాకు తెలుసు. సినిమాలకి రాయాలని కృష్ణానగర్ వచ్చి, సీరియల్ రచయిత పరాంకుశం గారి దగ్గర శిష్యుడిగా చేరాను. "సినిమా సంగతి తర్వాత ఫణీ, ముందు ఒక మాటని ఆపడం నేర్చుకో. నోటిదాకా వచ్చిన మాటని బయటికి రానివ్వకుండా ఎన్నాళ్లు నడిపిస్తావో అదే మన అన్నం" అన్నారాయన. సాధన ఇంట్లోనే చేశాను. సునంద ఏదో చెప్పబోయిన ప్రతిసారీ తలెత్తకుండా "ఒక్క నిమిషం, ఈ సీన్ అవనీ" అనేవాడిని. అది సాధన అని అప్పట్లో అనుకోలేదు.

సంగతి చెబుదామని గురువుగారి దగ్గరికి వెళ్తాను. ఆయన గది సీరియల్‌తో పాటు పెరుగుతూ ఉంటుంది. మొదట్లో చెప్పులు విప్పగానే ఆయన కుర్చీ కనిపించేది. ఇప్పుడు కుర్చీ దగ్గరికి చేరేలోపు దారిలో రెండు టీ కొట్లు, ఒక జిరాక్స్ షాపు వెలిశాయి. టీ తాగి, కాస్త కూర్చుని, మళ్లీ నడుస్తాను.

"ఎక్కడ ఆగింది?" అని అడుగుతారు ఆయన.

"'నేను' దగ్గరండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. "ఎవరు నేర్పారయ్యా ఆవిడకి? అక్కడ ఆపాలని తెలియడానికి నాకు సగం జీవితం పట్టింది." ఆ గొంతులో కుళ్లు ఉంది. కుళ్లుకుంటూనే ఛానెల్‌కి ఫోన్ చేస్తారు.

ఛానెల్ మేడమ్ లైట్లతో, గొడుగులతో మా ఇంటికి వస్తుంది. సునంద చుట్టూ రెండుసార్లు తిరిగి, "మీ మిసెస్ చాలా బాగా ఆగారండి" అని మెచ్చుకుంటుంది. ఆ రోజు నుంచి ప్రతి ఎపిసోడ్ చివరి షాట్ మా గుమ్మంలోనే తీస్తున్నారు. సునందని ఎవరూ అడగలేదు. అడిగినా ఆవిడ ఆగి ఉంది కదా.

"ఆ మాట బయటికి రాకుండా చూసుకోండి, టైటిల్స్‌లో మీ పేరు పడుతుంది" అంటుంది మేడమ్. రచన: ఫణి. ఇన్నాళ్లూ గురువుగారి పేరు కింద రాసినవాడిని. నాకు ఎంత సంతోషం కలుగుతుందంటే, వెంటనే చెప్పాలని సునంద వైపు తిరుగుతాను. ఆవిడ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. మళ్లీ మేడమ్ వైపు తిరుగుతాను.

మధ్యాహ్నాలు ఓనరమ్మ అండాలమ్మ, పై వాటాల ఆడవాళ్లు వచ్చి మా హాల్లో చాప వేసుకుంటారు. గుమ్మం వైపు చూస్తూ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటారు.

"మస్తు నిలవడ్డది నీ పెండ్లాం" అంటుంది అండాలమ్మ.

"ఏం చెప్పబోయిందో మీకేమైనా తెలుసా?" అని అడుగుతాను.

"తెల్వకేంది? డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు రోజూ చెప్తుండె."

"అయితే చెప్పండి మరి."

"ఇప్పుడే చెప్తే రేపు ఏం జూస్తం?" అంటుంది అండాలమ్మ. మిగతావాళ్లు తలూపుతారు. ఆ మాటలో తప్పేమీ కనిపించదు. గురువుగారు కూడా ఇదే నేర్పారు నాకు.

అయినా నాకు వినాలని ఉంది. పేరు పడకపోయినా పర్వాలేదు అనిపించేంతగా ఒక్కోసారి వినాలని ఉంటుంది. సునంద ఎదురుగా కుర్చీ వేసుకుని, 'నేను' తర్వాత రావలసిన మాటలు రాసి ఒక్కొక్కటే ఆవిడ పెదాల దగ్గర పెడతాను. నేను వెళ్లిపోతున్నాను. నేను తల్లిని కాబోతున్నాను. నేను ఎక్కువ కాలం బతకను. నేను రాసిన ఆడవాళ్లందరూ చెప్పే మాటలివే. ఒక్కటీ ఆ నోటికి సరిపోదు. కాగితాలు జారి గడప మీద పడతాయి. ఊళ్లో ఎవరి పెళ్లామైనా ఏం మాట్లాడుతుందో రాయగలిగినవాడిని, నా పెళ్లాం నోట్లో ఏముందో తెలియదు. నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండిపోతుంది. కోపం ఆవిడ మీదనే.

పండుగలన్నీ అయిపోయాక చూసేవాళ్లు తగ్గుతారు. మేడమ్ ముఖం మాడ్చుకుంటుంది. గురువుగారు పిలిపిస్తారు. ఈసారి దారిలో ఒక బస్టాపు కూడా ఉంది.

"ఇంక చెప్పించెయ్" అంటారు. "కానీ చెప్పేది ఏమీ కాకూడదు. ఇన్నాళ్లు ఊపిరి బిగబట్టి చూసినవాళ్లకి పెద్ద మాట చెప్పామనుకో, లేచి టీవీ కట్టేసి ఇళ్ల పనులు చూసుకుంటారు. చిన్న మాట చెప్పు. రేపు ఇంకోటి ఆపుకోవచ్చు. ఇదే చివరి పాఠం, ఫణీ. ఇక నా దగ్గర నేర్పడానికేం లేదు."

ఇంటికి వచ్చి సునంద ఎదురుగానే కూర్చుని రాస్తాను. నేను పొయ్యి మీద పెట్టిన పాలు విరిగిపోయాయండీ. ఒక్క కొట్టివేత లేకుండా వస్తుంది. ఎంత బాగా వచ్చిందో నాకే తెలుస్తుంది. సునంద చూపు మొదటిసారి నా ముఖం మీది నుంచి దిగి కాగితం మీద పడుతుంది. చదువుతుంది. చదివి, ఆ మాట అనదు. గిన్నెలో పాలు తెల్లగా, మంచివిగానే ఉన్నాయి.

మర్నాడు కాలింగ్ బెల్ మోగుతుంది. ఛానెల్ వాళ్లతో పాటు సూట్‌కేస్ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. సునంద కంటే పొడుగు, సునంద కంటే తెలుపు. "ఇవాళ్టి నుంచి సునందని నేనేనండి" అని లోపలికి వస్తుంది. సీరియల్లో మనిషి మారితే ముఖం మారిందని ఇంట్లోవాళ్లు ఎవరూ అనకూడదు, అది నియమం. నేను సూట్‌కేస్ అందుకుంటాను. అండాలమ్మ మాత్రం చాప మీద నుంచి కొత్తావిడని ఎగాదిగా చూసి, చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెడుతుంది.

కొత్తావిడ సోఫా పక్కన నిలబడి చెబుతుంది. "ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి. నేను పొయ్యి మీద పెట్టిన పాలు విరిగిపోయాయండీ."

వయొలిన్లు మోగవు. ఛానెల్ వాళ్లు చప్పట్లు కొడతారు. హాల్లో క్యాలెండర్ పైన గోడ మీద పసుపుపచ్చ అక్షరాలు తేలతాయి. రచన: ఫణి. చదువుకుంటాను. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూస్తాను. అక్షరాలు కరిగిపోతాయి.

అప్పుడు గుమ్మంలో సునంద నోరు మూసుకుంటుంది. పాలగిన్నె కింద పెడుతుంది. పైట దోపుకుని, ద్వారబంధం రెండు వైపులా పట్టుకుని గోడలోంచి పైకి లాగుతుంది. పసుపు రాసిన గడపతో, ఎండిన మామిడాకులతో సహా అది ఊడి వస్తుంది. గోడ కన్నం లేకుండా మూసుకుంటుంది. వంటిల్లు అవతల ఉండిపోతుంది. సునంద ద్వారబంధం భుజాన వేసుకుని నా ముందు నుంచే మెట్లు దిగుతుంది.

"బరువున్నదా బిడ్డా?" అంటుంది అండాలమ్మ, వెనకే దిగుతూ.

"లేదు పిన్నీ" అంటుంది సునంద.

శ్రావణం తర్వాత నేను విన్న మొదటి మాట అది. నాతో అన్నది కాదు.

కిటికీలోంచి చూస్తాను. సునంద రోడ్డు మధ్యలో ద్వారబంధం నిలబెట్టి అందులో నిలుచుంటుంది. ఆటోలు, కూరగాయల బండి, ఒక సిటీ బస్సు ఆగుతాయి. సునంద మాట్లాడుతుంది. 'నేను' దగ్గర ఆగదు. చాలాసేపు చెబుతుంది. నాకు మాత్రం సీరియల్ పాట తప్ప ఏమీ వినబడదు. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి వంగి వింటున్నారు. డ్రైవర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. అండాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. చెప్పడం అయ్యాక సునంద గడప దాటుతుంది. అటువైపు బయటికి రాదు.

నేను చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తుతాను. జనం నాకు దారి ఇస్తారు. ద్వారబంధంలో మా వంటిల్లు ఉంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. సునంద వీపు నావైపు పెట్టి, బల్ల మీద వంగి ఏదో రాసుకుంటోంది.

"సునందా" అంటాను. "ఏమిటది? ఇప్పుడు చెప్పు, వింటాను. నేను"

ఆవిడ తలెత్తదు. లోపలి నుంచి జవాబు వస్తుంది. గొంతు నాదే.

"ఒక్క నిమిషం, ఈ సీన్ అవనీ."

నా నోరు తెరుచుకునే ఉంది. ముఖం ఒకసారి తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది, మళ్లీ. బస్సు నా పక్క నుంచి ఒదిగి వెళ్లిపోతుంది. అండాలమ్మ పైకి వెళ్లి చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని, నాకు ఎదురుగా రోడ్డు మీద చాప వేసుకుంటుంది.