గొంగడి మీద సాక్ష్యం

సర్కారు వారు మా ఊరికి పంచాయతీ రేడియో ఇచ్చినప్పుడు దాని పెట్టె తాళంచెవి నా మెడలో పడింది. నేను దర్జీని. నా మిషను పంచాయతీ కచేరీ అరుగు మీదే ఉంటుంది కాబట్టి, "రాజం ఎటూ పోడు, ఆయనకే ఇయ్యుండ్రి" అన్నారు. ఎటూ పోనన్న మాట నిజమే. కానీ దానివల్ల ఊరంతా నా మీదికి వచ్చి పడుతుందని అప్పుడు నాకు తెలియదు. పెట్టె తెరవడం కాస్త ఆలస్యమైతే తిట్లు. బ్యాటరీ తగ్గి గొంతు సన్నబడితే నేనేదో నొక్కి పాడుచేసినట్టు చూపులు.

ఆ ఏడు వానాకాలంలో, శుక్రవారం సాయంత్రాలు, రేడియోలో ఒక కోర్టు నాటకం రాసాగింది. వారానికొక భాగం. పేరు 'మూడో సాక్షి'. పట్నంలో ఒక షావుకారు హత్య అవుతాడు. నేరం ఇంట్లో పనిచేసే నౌకరు మీద పడుతుంది. ఆ సమయానికి తాను అక్కడ లేనని, ఫలానా మనిషి పక్కన ఉన్నానని నౌకరు మొత్తుకుంటాడు. ఆ ఫలానా మనిషే మూడో సాక్షి. అతను ఎప్పుడు బోనెక్కుతాడా, ఏం చెబుతాడా అని మా ఊరు వారాలకు వారాలు ఎదురుచూసింది.

మా ఊళ్లో నాటకం వినడమంటే సగం వినడం, సగం తీర్పు చెప్పడం. వకీలు నోరు తెరిచాడో లేదో కల్లు గీసే హనుమంతు అందుకునేవాడు.

"గీ వకీలు పైసలు తిన్నడు రాజన్నా. గొంతు సూడు, నెయ్యి రాసినట్టున్నది."

సక్కుబాయి ముసలమ్మకు హత్య సంగతి పట్టేది కాదు. ఆ నౌకరుకు జైల్లో అన్నం ఎవరు పెడుతున్నారు, వాడికి తల్లి ఉందా లేదా, అదీ ఆమె గొడవ. "గంత పెద్ద రేడియోల గదొక్కటి చెప్పరేంది?" అని నన్ను నిలదీసేది, నాటకం నేనే రాసినట్టు. మరికొందరికి ఆ భాషే మింగుడు పడలేదు. 'చూశానండి, విన్నానండి' అంటూ కోర్టులో అంత మర్యాదగా మాట్లాడేవాడు అబద్ధమే చెబుతుంటాడని వాళ్ల నమ్మకం. ఒకరి అభిప్రాయం ఇంకొకరితో కలిసిన పాపాన పోలేదు. అయినా శుక్రవారం పొద్దు వాలేసరికి అందరూ అరుగు ముందే ఉండేవారు.

అంతయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. అతను కురుమ, గొర్రెల కాపరి. కచేరీ గోడకు చేరగిలబడి, కొత్త గొంగడి భుజాన వేసుకొని విని, చివర పాట మొదలుకాగానే వెళ్లిపోయేవాడు. ఒకే ఒక్కసారి నన్ను అడిగాడు.

"రాజన్నా, గా సాక్షి దేని మీద నిలవడి చెప్తుండు?"

పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారట అన్నాను.

"పుస్తకం నువ్వు సూసినవా?"

"రేడియోల ఎట్ల కనవడుతది అంతన్నా?"

"మరి ఎట్ల నమ్మాలె?" అని వెళ్లిపోయాడు.

ఆ మాట చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ నచ్చింది. కురుమల పంచాయితీలో గొంగడి పరిచి, చెప్పులు విడిచి దాని మీద నిలబడి చెప్పిందే మాట. గొంగడి మీద అబద్ధమాడితే మంద నిలవదని వాళ్ల భయం. ఆ సంగతి మా ఊళ్లో అన్ని కులాలకూ తెలుసు.

ఆ నాటకం మా ఊరిని అంతగా పట్టుకోవడానికి కారణం ఒకటుంది. మాకూ ఒక కేసు నడుస్తోంది.

ఆ ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం ప్రేమ్‌సాగర్‌రావు దొర గడ్డివాము అంటుకుంది. పక్కనే ఉన్న ఎడ్ల కొట్టమూ కాలిపోయింది. ఎడ్లు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. దొరకూ, ఆయన భూమిని కౌలుకు దున్నే కొమురెల్లికీ అప్పటికే ఆ భూమి గురించి తగాదా ఉంది. పోలీసులు వచ్చేసరికి కొమురెల్లి చేతులకు మసి అంటి ఉంది. పట్టుకుపోయారు. "నేను వాగు కాడ అంతన్నతోని ఉన్న. ఆయన గొర్లకు బొచ్చు కత్తిరిస్తుంటె నేను కాళ్లు వట్టుకున్న. పొగ జూసి ఆర్పుదామని ఉరికొచ్చిన" అని కొమురెల్లి చెప్పాడు. పోలీసులు అంతయ్యను అడిగారు. "నేనొక్కన్నే ఉన్న" అన్నాడు అంతయ్య.

అంతయ్య మంద పెట్టేది దొర చేలల్లో. రాత్రి గొర్రెలు పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి గింజలు. మా ఊళ్లో చేలంటే దొర చేలే. కాబట్టి అంతయ్య అలా ఎందుకన్నాడో ఎవరూ అడగలేదు. అడిగితే తమనూ ఎవరైనా ఏదైనా అడుగుతారని భయం. పిల్లికి ఎలుక సాక్ష్యం అని ఊరికే అనలేదు పెద్దలు.

కొమురెల్లి భార్య బాలలక్ష్మి వెళ్లి అంతయ్య కాళ్ల మీద పడింది. "యాదికి లేదమ్మా" అని అతను తల తిప్పుకున్నాడు. ఆసిఫాబాదు కోర్టులో విచారణ దసరా తర్వాత. శిక్ష పడితే భూమీ పోతుంది, మనిషీ పోతాడు. ఇల్లు గడవక బాలలక్ష్మి నా మిషను పక్కన కూర్చొని అంగీలకు కాజాలు కుట్టిపెట్టేది. అక్కడే నాటకం వినేది. ఏ అభిప్రాయమూ చెప్పేది కాదు. రేడియోలో నౌకరు గొంతు వినిపించినప్పుడల్లా ఆమె చేతిలో సూది ఆగిపోయేది. నాకు అది చూడబుద్ధయ్యేది కాదు. ఎక్కడో పట్నంలో కూర్చొని ఈ నాటకం వేసేవాళ్ల మీద ఒళ్లు మండేది.

ఎట్టకేలకు ఒక శుక్రవారం మూడో సాక్షి బోనెక్కాడు. "ఆ రోజు నీ పక్కన ఎవరున్నారు?" అని వకీలు అడిగాడు. సాక్షి దగ్గాడు. అంతే, పాట వచ్చేసింది.

మరుసటి శుక్రవారం నాటకం రాలేదు. దాని బదులు మిరప చేలల్లో పురుగు గురించి ఎవరో పెద్దమనిషి మాట్లాడాడు. ఆపై శుక్రవారమూ పురుగే. నాటకం ఆగిపోయిందని, ఇక రాదని మాకు అప్పుడు అర్థమైంది.

"మరి తీర్పు?" అంది సక్కుబాయి. "గా పోరన్ని జైల్లనే ఇడిసిపెట్టి పోతరా?"

ఆమె కళ్లలో నీళ్లు చూసి నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. హనుమంతు లేచాడు.

"రేడియోల్లు చెప్పకుంటె మనమే చెప్పుకుందాం. మూడో సాక్షి ఏం చెప్తుండెనో ఒక్కొక్కలు చెప్పుండ్రి. ఎవలది మంచిగుంటె గదే తీర్పు. అంతన్న అన్నది నిజమే, ప్రమాణం లేనిది సాక్ష్యమే గాదు" అంటూ అంతయ్య భుజం మీది గొంగడి లాగి అరుగు ముందు పరిచాడు. అంతయ్య చెయ్యి దాని వెంట కొంచెం ముందుకు వచ్చి ఆగింది.

మొదట హనుమంతే నిలబడ్డాడు. రేడియో భాషలో "అయ్యా, నేను చూశానండి" అని మొదలుపెట్టి, చూడనిదీ విననిదీ అంతా చెప్పాడు. జనం పడీపడీ నవ్వారు. సక్కుబాయి నిలబడి, ఆ పొద్దు పోరడు తన ఇంట్లో అన్నం తింటున్నాడని సాక్ష్యం ఇచ్చింది. నన్నూ లాగారు. నేను టేపు మెడలో ఉండగానే వెళ్లి, వకీలే హంతకుడని చెప్పి వచ్చాను. ఆ సాయంత్రం గొంగడి మీద మేమందరం హాయిగా అబద్ధాలాడాం.

"ఇగ అంతన్న" అన్నాడు హనుమంతు. "గొంగడి నీది. ఆఖరు నువ్వే."

"నాకు రాదు" అన్నాడు అంతయ్య. జనం ఊరుకోలేదు. నలుగురు వెనక నుంచి తోశారు. అతను చెప్పులు విడిచాడు. ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, గొంగడి మీదికి వచ్చి నిలబడ్డాడు.

నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. మా అందరిలో కురుమ అతనొక్కడే. మాకు ఆ గొంగడి ఆట. అతనికి కాదు. ఆ సంగతి అతని మొహం చూశాకే మాకు తట్టింది. వకీలు ప్రశ్న అడగవలసిన హనుమంతు వెనక్కి జరిగాడు.

బాలలక్ష్మి సూది బట్టకు గుచ్చి, అరుగు దిగి వచ్చింది. నలుగురి ముందు ఆమె గొంతు విప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

"అన్నా, గా దినం నీ పక్కపొంటి ఎవలున్నరు?"

అంతయ్య తన కాళ్ల కింది గొంగడి వైపు చూసుకున్నాడు.

"కొమురెల్లి ఉండె" అన్నాడు. "గొర్ల కాళ్లు వట్టుకున్నడు. పొగ లేసినప్పుడు ఇద్దరం ఒక్కసారే సూసినం. దొర కొట్టం కాలుతున్నదని ఆయననే ముందుగాల ఉరికిండు. నేను గొర్లను ఇడిసి పోలే."

హనుమంతు మంచివాడు, అంతయ్యకు తప్పించుకునే దారి చూపించాలనుకున్నాడు. "గది గాదు అంతన్నా. మేము నాటకం సంగతి అడిగినం."

"నాకు నాటకం రాదు హనుమంతూ. గా దినం కత్తిరిచ్చిన బొచ్చుతోనే నేసిన గొంగడి గిది. దీని మీద నిలవడి ఇంకో మాట ఎట్ల చెప్పాలె?"

బాలలక్ష్మి అక్కడే కూలబడి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. అంతయ్య గొంగడి దులిపి భుజాన వేసుకొని, ఆమె ఏడుపు అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.

తెల్లారేసరికి మాట దొర ఉండే గడీకి చేరింది. దొర కబురు పెట్టాడు. కేకలు వేస్తాడనుకున్నాం, వేయలేదు. "అంతయ్యా, గీ ఏడు మా చేన్లల్ల మంద పెట్టకు" అన్నాడు. "మంచిది దొరా" అని అంతయ్య వచ్చేశాడు.

దసరా పోయాక ఆసిఫాబాదు కోర్టుకు నేనూ వెళ్లాను. గొంగడి బయట పెట్టి రమ్మన్నాడు బంట్రోతు. అంతయ్య దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "ఇది లేకుంట చెప్పలేను సారూ" అని జడ్జిగారి వైపు చూశాడు. ఆయన తీసుకురానివ్వమన్నాడు. అంతయ్య పుస్తకం మీద ప్రమాణం చేశాడు, బోనులో గొంగడి మడత పరిచి దాని మీద నిలబడ్డాడు. ఎదుటి వకీలుకు కోపం వచ్చింది.

"పోలీసులకు ఒకటి చెప్పావు, ఇక్కడ ఇంకొకటి చెబుతున్నావు. ఏది అబద్ధం?"

"పోలీసోల్లకు చెప్పింది అబద్ధం సారూ. గప్పుడు పాత గొంగడి బుజం మీద ఉండె. కాళ్ల కింద లేకుండె."

కొమురెల్లి విడుదలై వచ్చాడు. నేను సంతోషించాను గాని పూర్తిగా కాదు. అప్పటికే అంతయ్య మందను తోలుకొని గోదావరి దిక్కు వెళ్లిపోయాడు. ఉండమనడానికి మా ఎవరికీ అంత చేను లేదు. గొంగడి మీద అబద్ధమాడితే మంద నిలవదంటారు. అబద్ధాలాడిన మేమంతా ఊళ్లోనే ఉన్నాం. నిజం చెప్పినవాడి మందే నిలవలేదు. దీనికి ఏ పంచాయితీలో తీర్పు అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒకరోజు జీపులో ఒక ఆఫీసరు దిగాడు. ఏ కార్యక్రమం నచ్చింది, ఏది నచ్చలేదు అని ఊరూరా శ్రోతల అభిప్రాయాలు అడుగుతున్నాడట. ఆ కోర్టు నాటకం ఎందుకు ఆపారని అడిగాను. జనానికి అంతగా నచ్చలేదని విన్నానన్నాడు. అరుగు మీద కాజాలు కుడుతున్న బాలలక్ష్మి వైపు తిరిగాడు.

"నువ్వు విన్నావా అమ్మా? ఎట్లా ఉంది?"

"ఆపిందే మంచిగైంది సారూ" అంది ఆమె.

"అంటే నచ్చలేదు."

"ఇంకొక్క వారం నడిస్తె గా రేడియో సాక్షే చెప్పేస్తుండె. మా సాక్షిని ఎవలు అడుగుతుండిరి?"

ఆయనకు అర్థం కాలేదు. నచ్చలేదనే రాసుకున్నాడు.

"మీ ఇంటాయన ఏమన్నాడు?"

"ఆయన ఇననే లేదు సారూ. జైల్ల ఉండె."

ఆఫీసరు కలం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఇప్పుడున్నాడా, ఒకసారి పిలువు అన్నాడు నెమ్మదిగా.

"లేడు సారూ. గొర్ల బొచ్చు కత్తిరిచ్చే దినాలు" అంది బాలలక్ష్మి, దారం కొరుకుతూ. "అంతన్న మంద ఏడున్నదో దేవులాడుకుంట పోయిండు. ఆయనకు కాళ్లు వట్టేటోడు ఎవలున్నరు?"